చెరుకు పెనం దగ్గర్నుంచి కాఫీ తోట దాకా: రైతుల ఇళ్ళల్లో ఉండి వచ్చాం

వైజాగ్ చుట్టుపక్కల ఇప్పుడు ఫామ్ స్టే అని బోర్డు పెట్టిన చోట్లు చాలానే ఉన్నాయి, ఆనందపురం దాటగానే మొదలవుతాయి, భీమిలి వైపు ఇంకా ఎక్కువ. వాటిల్లో చాలావరకు సిటీలో ఉద్యోగమో వ్యాపారమో ఉన్నవాళ్ళు కొనుక్కున్న తోటలు, ఒక స్విమ్మింగ్ పూల్, కొంచెం లాన్, నాలుగు మామిడి చెట్లు, కాపలాకి ఒక కుటుంబం. పిల్లలు ఈత కొడతారు, బాగానే ఉంటుంది, తప్పని అనట్లేదు. నేను వెతికింది మాత్రం వేరే, పొద్దున్నే లేచి పొలానికి వెళ్ళే మనుషులున్న ఇల్లు, అందులో ఒక గది మనకిచ్చి వాళ్ళు తినేదే మనకీ పెట్టే ఇల్లు. ముసలివాళ్ళు, నడివయసు వాళ్ళు, కుర్రాళ్ళు ముగ్గురూ ఆ పొలం మీదే బతుకుతున్న ఇల్లయితే ఇంకా మంచిది, ఎందుకంటే ఈ గదుల డబ్బు నిజంగా రైతు ఇంటికి ఏం చేస్తోందో చూడాలని నాకు చాన్నాళ్ళుగా ఉంది.

వెళ్ళింది నేను, నాన్న, నాలుగో క్లాసు చదివే మావాడు. నాన్నది భోగాపురం వైపు ఊరు, పోర్టులో ఉద్యోగం వచ్చాక తన వాటా పొలం అమ్మేసి వైజాగ్ వచ్చేసిన మనిషి. కారు నేనే నడిపాను. ఇంటికొచ్చి బట్టలు కూడా ఇంకా ఉతకలేదు, మర్చిపోకముందే రాసేస్తున్నా. ఆ ఇళ్ళ పేర్లు, నంబర్లు మాత్రం రాయట్లేదు, ఒక్కో ఇంట్లో ఒక్కటే గది, ఒకేసారి అందరూ ఫోన్లు చేస్తే వాళ్ళు తట్టుకోలేరు. ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో అడిగితే చెప్తారు.

మంగళవారం, చోడవరం దాటాక

చోడవరం దాటి వడ్డాది రోడ్డు ఎక్కితే రెండు పక్కలా చెరుకే. ఫోన్‌లో మ్యాప్ మమ్మల్ని రోడ్డు మీంచి తీసుకెళ్ళి కాలవ గట్టు ఎక్కించింది, కొంతదూరం పోయేసరికి గట్టు సన్నబడిపోయింది, ఎదురుగా చెరుకు లోడు ట్రాక్టరు. ఒకపక్క కాలవ, ఇంకోపక్క పల్లం. ట్రాక్టరు మీది కుర్రాడు దిగొచ్చి ఏమాత్రం విసుక్కోకుండా "మేడం మీరు దిగండి, నాను తీసెత్తాను" అని కారు తనే రివర్స్ చేసి కళ్ళం దగ్గర తిప్పి పెట్టాడు. "ఎవులింటికండి?" అనడిగాడు, చెప్తే "ఓ, పెనం కాడ గది కట్టినోళ్ళా" అని సైకిల్ మీద పోతున్న ఒక పిల్లాడిని పిలిచి మాకు ముందు నడవమన్నాడు. డబ్బులివ్వబోతే ఇద్దరూ తీసుకోలేదు.

ఇల్లు పాత పెంకుటిల్లు, వెనక పశువుల సాల, దానికి ఆనుకుని కొత్తగా కట్టిన గది, బాత్రూం. ఇంకో యాభై అడుగులు వేస్తే చెరుకు గానుగ, బెల్లం పెనం. ఇంట్లో తాత, కొడుకు కోడలు, మనవడు. తాతకి 80 దగ్గర్లో ఉంటాయి. మనవడు డిప్లొమా చదివి పరవాడ వైపు ఫార్మా కంపెనీలో నైట్ షిఫ్టులు చేసి, రెండేళ్ళ క్రితం మానేసి వచ్చేశాడు. మొదలైన తీరు కూడా అతనే చెప్పాడు. కంపెనీలో ఫ్రెండ్స్ ఒక సంక్రాంతికి బెల్లం వంట చూస్తామని వచ్చారట, రాత్రంతా పెనం దగ్గరే కూర్చున్నారట, వెళ్ళేటప్పుడు ఒకతను బలవంతంగా చేతిలో డబ్బు పెట్టాడట. అక్కడ పుట్టింది ఆలోచన.

దానికి తాత మొదట్లో అస్సలు ఒప్పుకోలేదు. "ఇంటికొచ్చినోడికి కూడెట్టి డబ్బులు పుచ్చుకోడమేటి" అని చాలారోజులు మాట్లాడలేదట మనవడితో. నేను ఆ మాట తీసి పారేయలేను, మా అమ్మమ్మ ఉన్నా అదే అనేది. ఇప్పటికీ ఆ ఇంట్లో ఒక పద్ధతి నడుస్తోంది, డబ్బు సంగతి తాత ముందు ఎవరూ ఎత్తకూడదు. మనవడు మమ్మల్ని కారు దగ్గరికి తీసుకెళ్ళి అక్కడ ఫోన్‌లో వేయించుకున్నాడు. మనిషికి 900, మూడు పూటల తిండితో, పిల్లాడికి సగం. తాత మాత్రం వెళ్ళేటప్పుడు తన చేత్తో ఒక బెల్లం ముక్క కాగితంలో చుట్టి మావాడి చేతిలో పెట్టాడు, దానికి వెల లేదు. ఆయన మర్యాద ఆయనకి దక్కింది, కుర్రాడి లెక్క కుర్రాడికి సరిపోయింది. ఎంత బాగా కుదుర్చుకున్నారో అనిపించింది నాకు.

మధ్యాహ్నం భోజనం వరండాలో. వంకాయ ఎండు మెత్తళ్ళ కూర, ముద్దపప్పు, బెల్లం వేసి కాచిన ఆనపకాయ పులుసు, ఇంటి గేదె పెరుగు. కోడలు మాకూ మగాళ్ళకీ పెట్టి, తను తినేసరికి మూడయ్యింది, నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నా. పనెక్కువైందా అక్కా అంటే కాసేపు ఆలోచించి "వొండడం నాకు పనేటి కాదమ్మా, ఎలాగా వొండుతాను. పక్కలు దులిపి బాత్రూం కడగడమే నడుం పడిపోద్ది" అంది. అందుకని ఇప్పుడు పక్కింటావిడ వచ్చి గది కడుగుతుంది, కడిగినప్పుడల్లా 100. గది డబ్బు కొడుకుది, భోజనం డబ్బు ఆవిడది, విడిగా ఆవిడ అకౌంట్లోకే వెళ్తుంది. పెళ్ళై వచ్చినప్పట్నుంచీ ఆ పొలంలో పనిచేస్తూనే ఉంది కానీ తన పేరున డబ్బు పడటం ఇదే మొదలట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖం చూడాల్సింది.

బెల్లం వంట తెల్లవారుజామున. నాలుగింటికి మనవడు తలుపు కొట్టాడు, చలిలో దుప్పట్లు కప్పుకుని వెళ్ళాం. గానుగ ఇప్పుడు మోటారుది, రసం తొట్టిలోకి దిగి అక్కడ్నుంచి పెనంలోకి పోతుంది, కింద పొయ్యిలో ఎండిన చెరుకు పిప్పే మంట. రసం కాగుతుంటే కాస్త సున్నపు నీళ్ళు పోస్తారు, మురికంతా పైకి తెట్టులా తేలుతుంది, దాన్ని జల్లెడ గరిటెతో తీస్తూనే ఉండాలి. కొడుకు తెట్టు తీస్తాడు, మనవడు పొయ్యిలోకి పిప్పి తోస్తాడు, తాత మాత్రం ఒక స్టూలు మీద కూర్చుని ఏమీ చేయనట్టే ఉంటాడు. చివర్లో లేచి, చెయ్యి నీళ్ళలో ముంచి, కొంచెం పాకం తీసి నీళ్ళ గిన్నెలో వేసి వేళ్ళతో నలిపి చూశాడు. ఇంకా కాదు అన్నాడు. మళ్ళీ చూశాడు. "దించండ్రా" అన్నాకే పెనం కదిలింది. కాస్త ముందు దించితే బెల్లం ముద్ద కట్టదు, కాస్త ఆలస్యమైతే మాడు వాసన, మధ్యలో ఉన్న టైము చాలా తక్కువ. మనవడికి డిప్లొమా ఉంది, ఫోన్‌లో రివ్యూలు చూసుకోవడం తెలుసు, పాకం మాత్రం ఇంకా చేతికి రాలేదు, నేర్చుకుంటున్నానని తనే అన్నాడు. వందకేజీల చెరుక్కి పదికేజీల చిల్లర బెల్లం వస్తే బాగా వచ్చినట్టు. వేడి పాకం కొంచెం చెరుకు ముక్కకి చుట్టి మావాడికిచ్చారు, దానికోసమైనా మళ్ళీ వెళ్తానంటున్నాడు.

అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పెద్దవాటిల్లో ఒకటి, అక్కడ చెరుకు పరిశోధన కేంద్రం 1913 నుంచి ఉంది, అంటే ఈ పంట చుట్టూ ఇక్కడ ఎన్ని తరాలు నడిచాయో చూడండి. కానీ మార్కెట్లో తెల్లగా ఉన్న బెల్లానికే రేటు, తెల్లబడాలంటే హైడ్రోస్ అనే రసాయనం వెయ్యాలి. వెయ్యకపోతే రంగు ముదురుగా ఉంటుంది, రేటు పడిపోతుంది. ఈ ఇంట్లో ఇంటికొచ్చినవాళ్ళకోసం హైడ్రోస్ లేకుండా విడిగా వండుతున్నారు, మార్కెట్లో కేజీకి నలభై చిల్లర చెప్తుంటే ఇక్కడ మేం 80కి కొన్నాం. వచ్చినవాళ్ళందరూ నాలుగైదు కేజీలు పట్టుకెళ్తారట. గది అద్దె కంటే ఇదే తమకి పెద్ద సంగతి అన్నాడు మనవడు, వండింది వండినట్టు అదేరోజు మార్కెట్‌కి తోలేసి ఎంతిస్తే అంత తీసుకోవాల్సిన అవసరం తగ్గింది. ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. తర్వాత కొండ మీద ఇంకో ఇంట్లో అదే మాట ఇంకో రకంగా విన్నా, అక్కడికొస్తా.

నాన్న తాతతో చాలాసేపు కూర్చున్నారు. ఎకరాకి ఎన్ని బెల్లం దిమ్మలు, కూలి ఎంత, కార్శికి (నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ వచ్చే చెరుక్కి) ఎన్నేళ్ళు ఉంచుతారు, ఇవే ప్రశ్నలు. జనం గది చూసి వస్తున్నారా, బెల్లం చూసి వస్తున్నారా అని నాన్న అడిగితే తాత "ఉత్త గదికి ఎవులొత్తారు బావూ, పెనం ఉంటే వొత్తారు" అన్నాడు. నాకు తెలిసి ఈ వ్యవహారం మొత్తంలో ఇంతకంటే ముఖ్యమైన మాట లేదు. ఇటలీలో 1985లోనే దీనికి చట్టం చేశారు, రైతు అతిథుల్ని ఉంచుకోవచ్చు, కానీ వ్యవసాయమే ముఖ్యమైన పనిగా ఉండాలి, గదులు దానికి తోడుగా ఉండాలి అని. మన దేశంలో మహారాష్ట్ర ముందుంది, బారామతి వైపు ఇరవై ఏళ్ళుగా నడుస్తోంది, 2020లో ఆ రాష్ట్రం విడిగా అగ్రి టూరిజం పాలసీ కూడా తెచ్చింది. చోడవరం తాతకి ఇవేవీ తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు.

బుధవారం, మాడుగుల, ఘాట్ రోడ్డు

మాడుగులలో హల్వా కోసం ఆగాం, ఆగకుండా ఎవరూ వెళ్ళరు. గోధుమల్ని నానబెట్టి పాలు తీసి, నెయ్యి పోసి గంటల తరబడి తిప్పితే వచ్చే హల్వా, వందేళ్ళు దాటిన వంట. ఒక ఇంట్లో మొదలైంది ఇప్పుడు ఊరంతా దుకాణాలు. వేడివేడిగా అడ్డాకు ముక్కలో కొంచెం రుచికి పెడతారు, జీడిపప్పు పంటికింద పడుతుంది. దుకాణంలో ఉన్న అమ్మాయి మావాడికి రెండోసారి కూడా పెట్టింది. పావుకేజీలు రెండు తీసుకున్నాం, ఒకటి మేం వెళ్ళబోయే ఇంటికి.

గరికబంద దాటాక ఘాట్ మొదలు. వంట్లమామిడి దగ్గర టీ తాగాం, అక్కడికే చెవులు చల్లబడ్డాయి. పాడేరులో మోదకొండమ్మ గుడికి వెళ్ళి దండం పెట్టుకుని, టౌన్ దాటి కొండదారి పట్టాం. 2022లో జిల్లాలు విడగొట్టాక ఇదంతా అల్లూరి సీతారామరాజు జిల్లా, పాడేరే హెడ్‌క్వార్టర్, కానీ వైజాగ్ వాళ్ళకి ఇదింకా మన ఏజెన్సీయే.

పాడేరు అవతల, కాఫీ ఊరు

ఈ ఇంటిని నడిపేది కోడలు. భగత అనే గిరిజన తెగ కుటుంబం, ముసలమ్మ, ఆవిడ కొడుకు కోడలు, వైజాగ్‌లో నర్సింగ్ చదువుతున్న మనవరాలు. ఆ అమ్మాయే ఫోన్‌లో మాతో మాట్లాడి తారీఖులు చూసింది. గదికి రేకుల కప్పు, మట్టిగోడకి తెల్ల సున్నం, చాలా శుభ్రంగా ఉంది, రెండు మందపాటి రగ్గులు ఇచ్చారు, రాత్రికి అవి కూడా చాల్లేదు. గది 1200, భోజనం ప్లేటుకి 150. తలుపు పక్కన గోడ మీద మనవరాలి చేతిరాత: మందు తాగకూడదు, స్పీకర్లు పెట్టకూడదు, అడక్కుండా ఎవరి ఫోటో తీయకూడదు, ప్లాస్టిక్ మీతోనే తీసుకెళ్ళాలి. చదవగానే నాకు ఆ పిల్ల మీద గౌరవం కలిగింది.

రాత్రి బొంగు చికెన్ ఇంటాయన చేశాడు, దానికి విడిగా 400. పచ్చి బొంగు కొట్టుకొచ్చి, మసాలా కలిపిన ముక్కలు దాంట్లో కూరి, అడ్డాకుతో మూతి బిగించి మంటమీద తిప్పుతూ కూర్చున్నాడు, నూనె చుక్క లేదు. రోడ్డు పక్కన తినేదానికీ దీనికీ సంబంధం లేదు, బొంగులోంచి వచ్చే నీటివాసన కూరకి పట్టేసింది. తోడుగా సామల అన్నం, ఎర్ర రాజ్మా కూర. పొద్దున్న చోడి (రాగి) అంబలి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ.

కాఫీ అడిగితే ముసలమ్మకి వింతగా ఉంటుందట. వాళ్ళకి కాఫీ అంటే అమ్ముకునే పంట, తాగేది అంబలి. వచ్చినవాళ్ళు కాఫీ తోటలో ఉండి కాఫీ లేదంటే ఎలా అని అడిగీ అడిగీ, కోడలు పెనం మీద గింజలు వేయించి రోట్లో దంచి వడకట్టడం నేర్చుకుంది. బెల్లం వేసి ఇచ్చింది, పాలు లేకుండా. మా చోడవరం బెల్లం ఒక కేజీ అక్కడే వదిలేశాం.

గురువారం, తోటలో

పొద్దున్న మంచు విడిచాక తోటకి తీసుకెళ్ళారు. ఎత్తుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ. పండిన ఎర్ర పండే కొయ్యాలి, పచ్చిది తగలకూడదు, అందుకని ఒకే చెట్టు దగ్గరికి ఆ సీజన్లో మళ్ళీ మళ్ళీ రావాలి. మావాడు కోసిన వాటిల్లో పచ్చివి ముసలమ్మ ఏరి పక్కన పెట్టి, ఏది ఎందుకు వద్దో ఒక్కో పండు చూపించి చెప్పింది. కోసిన పండ్లు అదేరోజు నీళ్ళలో వేస్తే తేలినవి తీసేస్తారు, మునిగినవి తొక్కతీసి, జిగురు పోయేదాకా నాననిచ్చి, కడిగి ఎండబెడతారు. ఐదారు కేజీల పండుకి ఒక కేజీ గింజ. 2019లో అరకు కాఫీకి జీఐ, అంటే ఈ ప్రాంతపు పంటేనన్న గుర్తింపు వచ్చింది, అంతకుముందే 2017లో పారిస్‌లో అరకు కాఫీ పేరున దుకాణం తెరిచారు, ఇవన్నీ మనకి పేపర్లో తెలుసు. ఆ గింజ వెనక ఎంత నడుం వంచాలో తోటలో నిలబడితేనే తెలిసింది.

ముసలమ్మ చిన్నప్పుడు ఆ కొండమీద కాఫీ లేదు, పోడు. చెట్లు కొట్టి కాల్చి చోళ్ళు, సామలు చల్లేవాళ్ళు, రెండుమూడేళ్ళకి నేల అలసిపోతే ఇంకో చోటికి. తర్వాత ఐటీడీఏ (ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ) వాళ్ళు మొక్కలిచ్చి కాఫీ వేయించారు, కాపుకి రావడానికి మూడు నాలుగేళ్ళు పట్టింది, అన్నాళ్ళూ ఏం తినాలని వాళ్ళత్తగారు గొడవ చేసిందట. ఇప్పుడు ఆ నీడలోనే తన మనవరాలు ఫీజు కట్టుకుంటోందని చెప్పి చెట్టు మొదలు చేత్తో తట్టింది.

ఇక నేను ముందు చెప్తానన్న సంగతి. కోడలితో కళ్ళంలో కూర్చుని లెక్కలు మాట్లాడాం, ఆవిడ చాలా స్పష్టంగా చెప్తుంది. కాఫీ డబ్బు జనవరి తర్వాతే చేతికొస్తుంది, మిరియాలు, పసుపు కూడా ఆ తర్వాతే. వానాకాలం నుంచి నవంబరు దాకా చెయ్యి ఖాళీ, కానీ పిల్లల ఫీజులు, దసరా బట్టలు, కోత మొదలయ్యేటప్పుడు కూలీలు, అన్నీ అప్పుడే. అందుకని ఇదివరకు షావుకారు దగ్గర అడ్వాన్స్ తీసుకునేవాళ్ళు, తీసుకుంటే పంట అతనికే పొయ్యాలి, అతను చెప్పిన రేటుకి, ఒక్కోసారి పండు పండుగానే. వంజంగి మేఘాల కొండ పేరు బయటికి వచ్చాక అక్టోబరు నుంచి జనం రావడం మొదలైంది, గది అప్పుడే నిండుతుంది. "గది మీద మిగిలేది తక్కువేనమ్మా, కానీ అడ్వాన్స్ మానేశాం" అంది. అడ్వాన్స్ లేకపోతే గింజ కడిగి ఎండబెట్టి, జీసీసీ (ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ) ఎంత అంటోంది, బయట ఎంత అంటున్నారు అని కనుక్కుని, నచ్చినప్పుడు అమ్ముకోవచ్చు.

చోడవరం మనవడు చెప్పిందీ ఇదే కదా. గది వల్ల వచ్చే డబ్బు మొత్తం చూస్తే పెద్దదేం కాదు, పంటతో పోలిస్తే చిన్నదే. కానీ అది వచ్చే నెలలు వేరు, అది రైతుకి ఆగే ఓపిక ఇస్తోంది. మన రైతులకి లేనిదల్లా ఆ ఓపికే. ధర పడిపోయిన రోజున అమ్మనని చెప్పగలిగితే ఎన్ని కుటుంబాలు నిలబడేవో. తిరుగు దారిలో నాన్న చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "నాకూ అమ్మేనాటికి అప్పే ఉందిరా, పొలం మీద విసుగు కాదు" అన్నారు. ఈ మాట ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ వినలేదు.

పోనీ డబ్బున్నవాళ్ళు వచ్చి పెద్దగా కట్టొచ్చు కదా అంటారేమో. వచ్చారు. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది, 1970 నుంచి గిరిజనుల భూమి గిరిజనేతరులకి రాయడం కుదరదు. ఇదే కొండల్లో బొర్రా వైపు గనుల లీజుల మీద 1997లో సమతా అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కూడా ఈ నేల ఎవరిదన్న ప్రశ్న మీదే. అందుకని కొందరు దొడ్డిదారి చూస్తారు, మీ పేరు మీదే ఉంటుంది, మేం కాటేజీలు కడతాం, నెలకింత ఇస్తాం, మీరు చూసుకుంటూ ఉండండి అని. ఈ ఇంటికీ అలా ఒకరు వచ్చారట. ముసలమ్మ "మా తోటకి మేం కాపలాయా" అని పంపేసింది. నాకు ఆవిడ కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. ఆ చట్టం లేకపోయుంటే ఈపాటికి ఆ కొండలన్నీ వేరేవాళ్ళ పేరుమీద ఉండేవి, ఈ కోడలు ఎవరి రిసార్టులోనో గదులు తుడుస్తూ ఉండేది.

ఊళ్ళో ఇంకో ఇద్దరు గది కట్టాలనుకుంటున్నారు. 2024లో కేంద్రం గిరిజన గ్రామాలకోసం తెచ్చిన ధర్తీ ఆబా పథకంలో 1000 హోమ్ స్టేలు అని ఉంది, కొత్తగా కట్టుకోడానికి 5 లక్షల దాకా, ఉన్న ఇల్లు బాగుచేసుకోడానికి 3 లక్షల దాకా. 2025 బడ్జెట్లో హోమ్ స్టేలకి ముద్ర లోన్లు, అంటే చిన్న వ్యాపారాలకిచ్చే అప్పులు, అని కూడా చెప్పారు. ఆ కాగితాలు ఎక్కడ పెట్టాలో, ఎవర్ని కలవాలో వాళ్ళకి తెలియట్లేదు, మనవరాలు సెలవుల్లో వచ్చినప్పుడు పాడేరు ఐటీడీఏ ఆఫీసుకి వెళ్తానంది. ఇలాంటివి ఊరి సంతలో అందరికీ వినపడేట్టు చెప్పాలి, వెబ్‌సైట్లో పెడితే సరిపోదు.

థింసా నాట్యం ఆడతారా అని వచ్చినవాళ్ళలో సగం మంది అడుగుతారట. పండక్కి ఊరంతా కలిసి ఆడేది, ఇద్దరు టూరిస్టులు అడిగారని పొలం పని మానుకుని ఆడరు. అడిగేవాళ్ళకి వాళ్ళు నవ్వుతూనే కుదరదని చెప్తారు, కానీ అడక్కపోవడమే మర్యాద.

శుక్రవారం, అరకు దారి, సంత

పాడేరు నుంచి హుకుంపేట మీదుగా అరకు. దారి పక్కన అక్కడక్కడ వలిసెలు ఇంకా పసుపురంగులో ఉన్నాయి, చివరి పూత. ఒక చేను చుట్టూ తాడు కట్టి, మధ్యలో మనుషులు నడవడానికి సన్నగా బాట వదిలారు. తాడు దగ్గర ఒక అవ్వ, మనిషికి 20. కార్లలోంచి దిగిన కొందరు ఇది కూడా అమ్ముతున్నారా అని గట్టిగా అంటున్నారు, నాకు చాలా బాధేసింది. అది నూనెగింజ పంట, తొక్కితే గింజ పోతుంది. కొన్నేళ్ళ క్రితం ఎవరికి తోచినట్టు వాళ్ళు చేలోకి దిగి ఫోటోలు తీసుకుని పోయేవాళ్ళట, ఒకచోట సగం చేను పడిపోయిందట. తాడు కట్టాక చేను నిలబడింది, పైన నాలుగు డబ్బులు వస్తున్నాయి, పూత అయ్యాక గింజ ఎలాగూ ఉంది. ఆ అవ్వకి గది లేదు, కాఫీ లేదు, ఆవిడకి ఆ తాడే ఆధారం. మేం ముగ్గురం 60 ఇచ్చి, బాట దాటకుండా నడిచి వచ్చాం.

అరకు సంత శుక్రవారమే, పొద్దున్నుంచే నిండిపోతుంది. కొండ చీపుళ్ళు, అడ్డాకు కట్టలు, అల్లం, చిలగడదుంపలు, రాజ్మా, ఎండు మిరప. కొందరు తూకం వేస్తారు, కొందరికి ఇంకా సోల, అడ్డ కొలతలే. కొలిచాక చేత్తో ఇంకొంచెం కొసరు వేయడం వాళ్ళ అలవాటు, అడగక్కర్లేదు. అందుకే బేరాలాడే మనవాళ్ళని చూస్తే మనసు ఒప్పదు, చీకటితో లేచి మూట నెత్తిన పెట్టుకుని కొండ దిగి వచ్చిన మనిషి దగ్గర పది రూపాయలు తగ్గించి మనం ఏం చేసుకుంటాం. రాజ్మా, అల్లం, చీపుళ్ళు, రెండు కట్టలు అడ్డాకు విస్తర్లు, అన్నీ కలిపి 700 చిల్లర అయ్యింది.

అనంతగిరి ఘాట్ దిగి, ఎస్.కోట మీదుగా చీకటి పడేసరికి ఇంటికొచ్చేశాం.

ఖర్చు అడుగుతారు కాబట్టి, పెట్రోలుతో సహా ముగ్గురికి 11 వేల చిల్లర, అందులో రెండిళ్ళకి కలిపి ఇచ్చింది ఏడువేల లోపు. కొండమీద నోటు పట్టుకెళ్ళండి, సిగ్నల్ ఉన్నచోటే ఫోన్ డబ్బులు పనిచేస్తాయి. స్వెటర్లు, టార్చి మర్చిపోకండి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే బాత్రూం ఎలాంటిదో ముందే అడగండి, ఈ రెండు చోట్లా ఒకచోటే కమోడ్ ఉంది. బుక్ చేసే ముందు ఇంకో ప్రశ్న కూడా అడగమంటాను, ఈ పొలం ఎవరు చేస్తారండీ అని. మేం చేస్తామన్న ఇంటికే వెళ్ళండి.

చోడవరం వైపు బెల్లం వంట ఏప్రిల్ దాకా ఉంటుంది. కాఫీ ఊరికి మాత్రం డిసెంబరు చివర్నుంచి సంక్రాంతి దాటేదాకా ఫోన్ చేయకండి, కోత ముమ్మరంగా ఉన్న ఆ వారాల్లో ఇంటిల్లిపాదీ తోటలోనే ఉంటారు, కోడలు గది ఎవరికీ ఇవ్వదు.